ఎనిక్కి పంపని లక్ష్మమ్మ

నేను రాసే మనిషిని కాదు. ఎమ్మిగనూరు బళ్ళో అయిదో తరగతి దాటినాను, అంతే. ఆ తర్వాత పలక పట్టుకుంటే నా పిల్లోళ్ళకు అక్షరాలు దిద్దిచ్చేకి పట్టుకున్నాను గానీ నా మాట నేను రాసుకునింది లేదు. తప్పులుంటాయి. సదివేటోళ్ళు సర్దుకోండి.

మా నాయన కత ఒకటి మా పక్క ఇప్పటికీ సెప్పుకుంటారు. మొన్న ఒక పెండ్లిలో పక్కన కూసున్న ఆమె ఆ కతను నాకే సెప్పె. నేనెవురో ఆమెకు తెల్దు.

"ఎమ్మిగనూర్లో కొయ్యదేవుళ్ళను సేసే ఆయప్ప ఒకడుండెనంట. ఆదోనోళ్ళు లక్ష్మమ్మను సరిగా సూసుకోల్యా అని ఎనిక్కి పంపనే ల్యాదంట. ఎంత బతిమిలాడినా పంపల్యాదంట. ఇప్పుడు అట్లాటోళ్ళు యాడుండారు సెప్పు" అనింది.

నేను వక్క కొరుకుతా తలూపినాను. ఇంటికొచ్చినంక అన్నం సయించల్యా. ఆమె సెప్పిన దాంట్లో అబద్ధం లేదు. కాకపోతే అది సగమే. మిగిలిన సగం నేను. నేను పోతే అది కూడా పోతాదని ఈ కాగితం ముందర కూసున్నాను.

మా నాయన సేసేవి గుళ్ళో పెట్టే పెద్ద దేవుళ్ళు కాదు. ఇండ్లల్లో గూట్లో పెట్టుకునేవి, మూరెడుకు మించవు. ఎంకటేశ్వర్లు, అంజినప్ప, నరసింహస్వామి, ఎల్లమ్మ, లక్ష్మమ్మ. యాపకొయ్య తెచ్చి నీడలో ఆరబెట్టి, బాగా ఎండినంక ఉలి పట్టేవాడు. సెక్కడం అయినంక మా అమ్మ పని, నా పని. సింతపిక్కలు నానబెట్టి రుబ్బి బంక కాస్తాంటిమి. పాత పంచ పేలికలు ఆ బంకలో ముంచి కొయ్యకు అతికిస్తాంటిమి. దానిమీద సుద్ద పూత. సుద్ద ఆరినంక రంగులు. ఎరుపుకు జాజు, నలుపుకు దీపం మసి, నీలానికి నీలిమందు. అన్నిట్లోనూ తుమ్మజిగురు. నూరేది నేను. నూరిన రంగును బొటనేలికీ సూపుడేలికీ మధ్య రుద్ది సూస్తే గరగర అనగూడదు. అంటే మా నాయన ఏమీ అనడు, గిన్నెను మళ్ళా నా ముందరికి జరుపుతాడు.

కండ్లు మాత్రం మా నాయనే పెట్టాల. అన్ని రంగులూ అయిపోయి, తీస్కపోయేవాళ్ళు వచ్చే దినం పొద్దున్నే, నోట్లో ఏమీ ఏసుకోకుండ కూసొని కండ్లు పెట్టేవాడు. అంతవరకు అది కొయ్యే. కండ్లు పెట్టినంక మా అమ్మ కూడా దాని ముందర గట్టిగా మాట్లాడదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండె. మా అవ్వాతాతల కాలం నుంచి ఉండెనంట. మగదేవుళ్ళు పోతే పోయినట్లే. ఆడదేవతలకు మాత్రం మా ఇల్లు పుట్టిల్లు. కొన్నేండ్లకు రంగు పెచ్చులు లేస్తాది కదా, అప్పుడు ఆ ఇంటి ఆడమనిషి ఆయమ్మను ఒళ్ళో పెట్టుకొని మా ఇంటికి తేవాల. తలమీద పెట్టుకోగూడదు, సంచిలో ఎయ్యగూడదు. రాంగనే మా అమ్మ మనిషి కాళ్ళకూ బొమ్మ కాళ్ళకూ నీళ్ళు పోస్తాది. మా నాయన ముందుగా తడిగుడ్డతో కండ్లు తుడిసేస్తాడు. పాత రంగు గీకితే ఒళ్ళంతా బోడిగా అవుతాది, ఆయమ్మ సూసుకొని సిగ్గుపడగూడదని. మళ్ళా పంపే దినం కొత్త కండ్లు, ఒడిబియ్యం, రవికెగుడ్డ, పసుపు కుంకుమ. సుక్కరారం పంపరు. "పోయి రామ్మా" అనాల, ఉత్త "పో" అనగూడదు.

ఇంకోటి కూడా ఉండె. అత్తగారింట్లో ఆయమ్మను సరిగా సూసుకోకుంటే, పంపకుండ పెట్టుకునే హక్కు పుట్టింటికి ఉంది.

నేను బడికి పోయే దినాల్లో సిప్పగిరి పక్క నుంచి ఒక రైతు వచ్చినాడు, ఎల్లమ్మను గోతంసంచిలో ఏసుకొని. ఆ సంచిని సూసినప్పుడే మా నాయన మొగం మారె. తీసి తిప్పి సూస్తే ఈపంతా సెదలు.

"యాడ పెట్టినావప్పా ఈయమ్మను?" అన్నాడు మా నాయన.

"అటక మీదప్పా. ఇల్లు కప్పు మార్పిస్తాంటే, శెనగబుడ్డల మూటల పక్కన పెట్టినాము."

"బుడ్డలకు కూడా సెదలు పట్టెనా?"

"లేదప్పా. బుడ్డలు బాగుండాయి."

"వాటినన్నా సూసుకున్నావు, సాలు. పోయిరా. ఈయమ్మ ఈడనే ఉంటాది."

ఎగతాళికి అంటాండాడని రైతు నవ్వె. మా నాయన నవ్వల్యా. ఆయప్ప సాయంత్రందాకా మా అరుగుమీద కూసొని ఎట్లొచ్చినోడు అట్ల పోయె. కొన్ని దినాలకు పెండ్లాన్ని ఎంటబెట్టుకొని, ఎల్లమ్మకు కొత్త గుడ్డ తీస్కొని వచ్చి, మా గడప పట్టుకొని "తప్పాయ అన్నా" అంటే అప్పుడు పంపినాడు. వీధంతా నిలబడి సూసె. నేనూ వాకిట్లో నిలబడి సూసినాను. ఆ పొద్దు నా ఒళ్ళు భూమ్మీద లేదు. కొయ్యకే ఇంత పట్టు పట్టే మనిషి, రేపు నన్ను ఎవురన్నా ఏమన్నా అంటే ఊరుకుంటాడా అనుకున్నాను. సిన్నదాన్ని కదా, ఆ మాటను మనసులో గూడు కట్టి పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆదోని లక్ష్మమ్మ సంగతి. ఆయమ్మను సెక్కేటప్పుడు నేను శానా సిన్నదాన్ని, అప్పుడప్పుడే రంగు నూరేది నేర్సుకుంటాంటి. నేను మొట్టమొదట నూరిన ఎరుపు ఆయమ్మ సీరకే పూసినాడు మా నాయన. కుడిసెయ్యి దీవిస్తాంటాది, ఎడమసేతిలో తామరమొగ్గ. ఎడమ బుజంమీద ఉలి జారి కొంచెం సెక్క లేసిపోతే, దాన్ని పారెయ్యకుండ అక్కడ ఒక పువ్వు తీసినాడు. నేను ఎగురుతా దుంకుతా ఉంటే మా అమ్మ ఆయమ్మను సూపించి, "మీ అక్కను సూడు, ఎంత మట్టంగా నిలబడుకోనుందో" అనేది. అట్ల ఆయమ్మ నాకు అక్క ఆయె.

ఆదోనిలో పత్తిమిల్లుకు కొయ్యపని సేసే వాళ్ళింటికి పోయె మా అక్క. తర్వాత ఒకసారి రంగులకు తెచ్చినప్పుడు ఆ ఇంటామె నన్ను సూసె. అప్పటికి నేను ఎదిగినాను. "పెద్దదాన్ని ఇచ్చినావు, సిన్నదాన్ని కూడా మాకే ఇయ్యన్నా" అనింది మా నాయనతో. ఆమెకొక్కడే కొడుకు, మిల్లులో పని, మొగుడు లేడు. మా నాయన, "దేవతనిచ్చిన ఇల్లు, తెలిసిన ఇల్లే కదా" అన్నాడు. కర్నూలుకు రాజధాని వచ్చెనంట అని అందరూ సెప్పుకుంటాండే కాలం అది. నేను మాత్రం అక్కా నేనూ ఒకే ఇంట్లో ఉంటాము అనుకుంటా పోయినాను.

పోయి సూస్తే అక్క గూట్లో లేదు. గూట్లో నా మొగుడు కొన్న కొత్త గడియారం ఉంది. లక్ష్మమ్మను వంటింట్లో పొయ్యికి పైన ఒక సెక్కమీద పెట్టినారు. పొగకు మొగం నల్లగయ్యింది. సింతపిక్కల బంకంటే ఎలకలకు శానా ఇష్టం. దీవించే సేతికి ఏళ్ళు లేవు, మొదుళ్ళు మాత్రం ఉండాయి.

"అత్తా, లక్ష్మమ్మను మళ్ళా గూట్లో పెడదామా?" అంటి కొత్తలో.

"గడియారం పొయ్యిమీద పెడ్తే పాడవుతాది" అనింది మా అత్త.

"ఎలకలు కొరుకుతాండాయి."

"వాటికీ ఆయమ్మే పెట్టాల కదా తిండి" అని నవ్వె. మా అత్త నోరు అట్లుండేది. ఎదుటి మనిషికి నవ్వొస్తాది, కోపం ఇంటికి పోయినంక వస్తాది. నాకు పోయేకి ఇంకో ఇల్లు లేకపాయ.

నా మొగుడికి మిల్లులో మంచోడని పేరు. ఇంట్లో మాటకంటే ముందు సెయ్యి లేస్తాది. అదంతా రాయను. ఒకటే రాస్తా. ఒక మధ్యాన్నం రొట్టె మాడెనని నా ఎడమసెయ్యి పట్టుకొని తిప్పినాడు. కొయ్యకు బిగుసుకున్న మేకును తిప్పి తీస్తారు సూడండి, అట్ల. లోపల ఏదో పటుక్కుమనె. మా అత్త సాటలో జొన్నలు సెరుగుతాండె. తలెత్తల్యా.

సెయ్యి వాసిపోయె. పుట్టింటికి పోయొస్తా అంటే "ఇప్పుడేం పండగుంది" అనిరి. అప్పుడు నాకు అక్క గుర్తుకొచ్చె. "లక్ష్మమ్మకు రంగులు పోయినాయి. తీస్కపోయి రంగులేపిచ్చుకొస్తా" అంటిని. నన్ను వద్దంటారు గానీ దేవతను పుట్టింటికి వద్దనే ధైర్యం మా అత్తకు లేదు. "జల్దీ రా" అనింది. అట్ల అక్క పేరు సెప్పుకొని నేను ఆదోని దాటినాను.

బస్సులో ఆయమ్మను పాత సీరలో సుట్టి ఒళ్ళో పెట్టుకుంటి. కండక్టరు వచ్చి, "ఏమ్మా, పాపనా బాబునా? అలికిడే లేదే" అన్నాడు. నేను కొంగు తీసి సూపిస్తి. సెంపలేసుకొని, "ఈయమ్మకు టిక్కెట్టు అడిగితే బస్సు యాడ నిలిచిపోతాదో" అన్నాడు. బస్సులో అందరూ నవ్విరి. నేనూ నవ్వినాను. పెండ్లయినంక అంతగా నవ్వింది ఆ పొద్దే.

మా అమ్మ ఇద్దరి కాళ్ళకూ నీళ్ళు పోసె. మా నాయన కొయ్యలు సెక్కే కొట్టంలో నుంచి వచ్చి, సీర ఇప్పి ఆయమ్మను సూసె. దీవించే సెయ్యిని ఎలుతురుకు తిప్పె.

"ఏళ్ళు యాడపాయ?"

"ఎలకలు కొరికినాయి, నాయనా."

"గూట్లోకి ఎలకలు ఎట్లెక్కినాయి?"

"గూట్లో గడియారం ఉంది. ఆయమ్మ పొయ్యిమీద ఉంది."

మా నాయన తడిగుడ్డ తీస్కొని మెల్లగా ఆయమ్మ కండ్లు తుడిసె. తుడిసినంక నా పక్క తిరిగి, "నీ సెయ్యి ఇట్లియ్యి" అన్నాడు. నేను కొంగు కింద దాసిపెట్టుకునింది ఎప్పుడు సూసెనో. బొటనేలు పెట్టి మణికట్టు సుట్టూ ఒత్తి సూసినాడు. దినమంతా కొయ్యకు కొయ్య అతికే మనిషి కదా. "అతుకు సరిగా కూసోల్యా" అన్నాడు. "ఎవురు?" అన్నాడు. నేను నేల సూస్తాంటి. రెండోసారి అడగల్యా. అడగాల్సిన పని లేదు, ఆయనకు తెలిసిపాయ. ఆముదపాకు కాంచి సెక్కముక్క పెట్టి ఆయనే కట్టు కట్టినాడు.

కట్టు కడతా అన్నాడు. "ఉండమ్మీ. మీరిద్దరూ ఈడనే ఉండండి. ఎవురొస్తారో నేను సూసుకుంటా."

ఈ మాట మా నాయన అన్నాడు. నేను కల్పించి రాస్తాండేది కాదు. మా అమ్మ పక్కనే ఉండె.

ఆ దినాలు ఎట్ల పోయినాయో తెల్దు. ఒంటిసేత్తో రంగు నూరుతాంటి. పుంటికూర, జొన్నరొట్టె తిని కొట్టంలో నాయన పక్కన కూసుంటాంటి. అక్కకు పాత రంగు గీకి, ఇరిగిన సేతికి కొత్త ఏళ్ళు సెక్కుతాండె మా నాయన. గోరంత కొయ్యను పట్టుకొని గోరుకు కూడా గీత గీస్తాండె. నా సెల్లెలు, "నాయనా, అక్క సేతిక్కూడ కొంచెం ఉలి పట్టురాదా" అని నగుతాండె. దానికప్పుడే సంబంధాలు సూస్తాండిరి.

కృష్ణగిరి పక్కోళ్ళు మొగుడూ పెండ్లాము కొత్త లక్ష్మమ్మ కావాలని అంతకుముందే సెప్పిపోయినారు. ఒక పొద్దున వాళ్ళు తీస్కపోను వచ్చిరి. మా నాయన కండ్లు పెట్టి సిద్ధం సేసినాడు. మా అమ్మ ఒడిబియ్యం కలుపుతాండె. ఆ వచ్చినామె నన్ను సూసె, కట్టు సూసె.

"మీ పెద్దపాపనా? కాన్పుకొచ్చిందా?" అనింది మా అమ్మను.

"లేదమ్మా. లక్ష్మమ్మను రంగులకు తెచ్చింది."

"అదిగో, ఆయమ్మకు రంగులు ఆరిపోయి శానా దినాలైనట్లుందే. పాప ఇంకా పోల్యా?"

మా అమ్మ బియ్యంలో పసుపు కలుపుతానే ఉండె. ఆమె మొగునితో పక్కకు పోయి ఏమో గుసగుస అనె. ఆయప్ప వచ్చి, "అన్నా, ఈ పొద్దు గడియ బాగల్యా అంటాది ఈ యమ్మి. మళ్ళొస్తాము" అన్నాడు. మళ్ళా రాల్యా. కండ్లు పెట్టిన దేవత తీస్కపోయేవాళ్ళు లేక మా ఇంట్లో నిలిచిపోయింది అదే మొదలు. మా నాయన ఆయమ్మ ముందర గుడ్డ కట్టి పొద్దుగూకేదాకా ఉలి ముట్టల్యా.

ఆ మరుసటి దినం నేను పెరట్లో రాయిమీద జాజు నూరుతాంటి. కొట్టంలో మా అమ్మానాయనా మాట్లాడుకుంటాండిరి. తడికె అవతలే.

"మొగుణ్ణిడిసిన కూతురున్న ఇంట్లోనుంచి లచ్చిమిని ఎవురు తీస్కపోతారే?" అన్నాడు మా నాయన.

"అది మొగుణ్ణిడిసిందా? సెయ్యి ఇరిగితే వచ్చింది."

"జనాలకు రెండూ ఒకటే."

"మరి కొయ్యదాన్ని పంపనంటివి కదా. దాన్ని పెట్టుకుంటే జనాలు ఏమీ అనరా?"

"కొయ్యదాన్ని పెట్టుకుంటే పేరొస్తాది" అన్నాడు. కొంచెం సేపటికి, "దానికి ఇంకో ఇల్లు సూడొచ్చు. దీనికి యాడ సూసేది? ఎనక పెండ్లి కావాల్సింది ఇంకోతి ఉంది, మర్సిపోవద్దు" అన్నాడు.

మా అమ్మ సుద్ద గిన్నె తీస్కొని లేసిపాయ. నా సెయ్యి ఆగిపాయ. రాయి సప్పుడు నిలిస్తే నేను ఇన్నానని తెలుస్తాదని మళ్ళా తిప్పినాను. ఆ దినం నూరిన జాజు ఎన్నపూస మాదిరి వచ్చె. అది అక్క సీరకే ఇంకో పూతగా ఏసిరి.

అయినా నాకు ఆశ పోల్యా. పెండ్లాంతో ఏదో అంటాడు, వాళ్ళు వచ్చి ఎదురుగా నిలబడితే మా నాయన మా నాయనే అనుకున్నాను. సిప్పగిరి ఆయప్పను అరుగుమీద కూసోబెట్టిన మనిషి కదా.

వాళ్ళు వచ్చిన దినం వీధిలో అందరికీ ముందే తెలిసె. మా నాయన పద్ధతి ఊరికంతా తెల్సు, ఏమవుతాదో సూద్దామని మగ్గాలు ఇడ్సిపెట్టి కూడా వచ్చిరి. మా అత్త, నా మొగుడు వాకిట్లో నిలబడిరి. నేను తలుపెనక ఉంటి.

"లక్ష్మమ్మను తీస్కపోను వచ్చినామన్నా" అనింది మా అత్త.

మా నాయన ఆయమ్మను ఎత్తుకొని బయటికొచ్చె. కొత్త ఏళ్ళను మొదుళ్ళకాడ పట్టుకొని సూపించె. "ఇది ఏమి?"

"ఎలకలన్నా. ఎలకలు లేని ఇల్లు యాడుంది?"

"గూట్లో గడియారం పెట్టుకుంటిరి. నా బిడ్డను పొగలో పెట్టిరి" అన్నాడు మా నాయన. గొంతు వీధి సివరిదాకా పాయ. "మిమ్మల్ని దీవించే సెయ్యి అది. దాన్ని పాడుసేసి, మళ్ళా పంపమని ఏ మొగం పెట్టుకొని వచ్చినారు? నా బిడ్డకు నోరు లేదని అనుకుంటిరా?"

జనం గొణుగుడు ఇనిపించె. "నిజమే కదప్పా" అన్నారెవురో. తలుపెనక నేను కట్టుసెయ్యిని ఇంకో సేత్తో పట్టుకొని నిలబడుకొన్నాను. ఆయన అనే ఒక్కొక్క మాట నాకే అన్నట్లుండె. ఇంక నా పేరు వస్తాది, ఇప్పుడొస్తాది అని సూస్తాంటి.

నా మొగుడు తలొంచుకొని, "తప్పాయ మామా" అన్నాడు.

"తప్పయితే తప్పే. ఆయమ్మ రాదు."

మా అత్త సుట్టూ సూసె. వీధంతా మా నాయన పక్కే ఉందని తెలిసిపాయ ఆమెకు. కొంగు నడుముకు సెక్కుకొని మెల్లగా అనె. "సరేన్నా. దేవత నీది, పెట్టుకో. కోడలు మాది కదా. ఆ యమ్మినన్నా పంపిస్తావా, దానికీ ఏళ్ళు లెక్కపెడ్తావా?"

ఎవురో నవ్విరి. మా నాయన తలుపు పక్క సూడల్యా. సూసింటే నేను కనపడ్తాంటి.

"మీ మనిషిని మీరు తీస్కపోను నన్నడిగేదేముంది" అన్నాడు.

అంతే. అక్కడికి అయిపాయ. మళ్ళా ఏమనుకున్యాడో, "సెయ్యి కొంచెం బాగల్యా. కొన్ని దినాలు నీళ్ళు మోయించొద్దండి" అన్నాడు.

లోపల మా అమ్మ నా కొంగులో బియ్యం పోస్తా, "సుక్కరారం కదా, రేపన్నా పంపుదాము" అనింది ఆయనతో. "బస్సుకు టైమాయ" అన్నాడు మా నాయన. ఆయమ్మను తెచ్చి కొట్టంలో పీటమీద నిలబెట్టినాడు. నేను ఆ పక్కనుంచే పోవాల. ఎర్రసీర, కొత్త ఏళ్ళు, మెరుగు పూత, మొగం తెల్లగా ఉంది. ఇంకా కండ్లు పెట్టల్యా. పంపేది లేదు కదా, పెట్టాల్సిన పని రాల్యా. అక్క నన్ను సూడల్యా. ఆయమ్మకు కండ్లు లేకపాయ కదా అనుకొని ఇంతవరకు ఆయమ్మమీద నాకు కోపం లేదు.

వీధి మలుపు తిరిగేటప్పుడు ఎనక నుంచి ఇనిపించె. "గట్టోడివప్పా నువ్వు" అంటాండిరి మా నాయనను.

తర్వాత సంగతులు శానా రాయలేను. కాపురం సేసినాను. పిల్లోళ్ళు పుట్టిరి. వయసు మీదపడినంక నా మొగుడి సెయ్యి తగ్గె. నా మణికట్టు వంకరగానే నిలిచిపాయ. జొన్నరొట్టె తడితే ఎడమపక్క మందంగా వస్తాది, ఇప్పటికీ అంతే. "ఎమ్మిగనూరు రొట్టె" అని మా అత్త సచ్చిపోయేదాకా అనె. పుట్టింటికి పోల్యా అని కాదు. సెల్లెలి పెండ్లికి పోయినాను. మంచి ఇల్లే దొరికె దానికి. అమ్మ పోయినప్పుడు పోయినాను, నాయన పోయినప్పుడూ పోయినాను. సుట్టం మాదిరి పోయి సుట్టం మాదిరి వచ్చినాను. మా నాయన ఆదోనికి ఒకే ఒకసారి వచ్చె. మంచంమీద కూసొని గూట్లో గడియారాన్ని సూసె. మజ్జిగ ఇస్తే తాగె. నేను గ్లాసును ఎడమసేత్తోనే ఇచ్చినాను, కావాలనే. ఆయన గ్లాసును సూసి తీస్కున్యాడు.

లక్ష్మమ్మ ఏమాయ అని నేను అడగల్యా. ఆయనా సెప్పల్యా.

పెండ్లయిన కొన్నేండ్లకు, మా నాయన ఇంకా ఉండంగనే, ఇరుగుపొరుగు ఆడోళ్ళతో కలిసి మంత్రాలయం పోయినాను. ముందు మాధవరం కాడ తుంగభద్రలో మునిగినాము. ఎండకు గొంతెండిపోతే ఒక రైతు ఇంట్లో నీళ్ళడిగినాము. ఆ ఇంటామె కూసోమని సాపేసి, మజ్జిగ కలిపేకి లోపలికి పోయె. నేను తలెత్తితే ఎదురుగా గూడు. గూట్లో మా అక్క.

ఎడమ బుజంమీద పువ్వు ఉంది. నేను నూరిన ఎరుపు ఉంది. ముందర దీపం ఎలుగుతాంది, మెడలో మల్లెపూలు. గూటికి ఎలకలు రాకుండ సన్న తీగెతో జల్లెడ మాదిరి తలుపు సేపిచ్చినారు. అన్నిటికంటే ముందు నేను సూసింది కండ్లు. మా నాయన కండ్లు పెట్టినాడు. అంత సల్లని కండ్లు ఆయన ఇంకెవరికీ పెట్టింది నేను సూడల్యా.

ఆమె మజ్జిగ తెచ్చి, నేను సూసేది సూసి మురిసిపాయ. "ఈయమ్మకు పుట్టింటోళ్ళు గట్టోళ్ళమ్మా" అనింది. "ముందర ఇచ్చిన ఇల్లు మంచిది కాదని తెలిసి, వాళ్ళు వచ్చి కాళ్ళాయేళ్ళా పడినా పంపల్యాదంట. మమ్మల్ని పిలిపిచ్చి, ఇల్లు సూసి, గూడు సూసి, అప్పుడిచ్చినాడు ఆయప్ప. ఏడాదికొకసారి వచ్చి సూసిపోతాడు. బిడ్డను సూసుకునేకి వచ్చినట్లే వస్తాడు."

ఏడాదికొకసారి. మాధవరం ఎమ్మిగనూరుకు ఒక పక్క, ఆదోని ఇంకో పక్క. దూరంలో శానా తేడా లేదు.

మజ్జిగ తాగినంక ఆమె భరిణె తెచ్చి అందరికీ కుంకుమ పెడతా వచ్చె. నా కాడికొచ్చి ఏలు ముంచుతా, ఆడోళ్ళు ఎవురైనా అడిగేదే అడిగె.

"మీ పుట్టిల్లు యాడమ్మా?"

"ఆదోని" అంటిని.

"ఆదోని అత్తగారూరని ఇప్పుడే కదా వీళ్ళు సెప్పిరి. నేను పుట్టిల్లు అడిగితిని."

"నాకు అదొకటే ఊరమ్మా" అన్నాను.

ఆమెకు అర్థం కాల్యా. అయినా కుంకుమ పెట్టె. రవికెగుడ్డ ఇచ్చి "పోయి రామ్మా" అనింది. గూటి పక్క మళ్ళా సూడకుండ గడప దాటి, ముందర పోతాండేవాళ్ళను అందుకునేకి బిరబిర నడిసినాను.